పేరిచ్చాక కనిపించే పేజీ

లెమ్విగ్ రేవు వీధిలో మా సెలూన్‌కి రెండే కుర్చీలు. కిటికీ వైపుది టోవెది, లోపలి వైపుది నాది. ఊళ్ళో అందరికీ టోవె కుర్చీయే కావాలి. కత్తెర ఇద్దరిదీ ఒకలాగే ఆడుతుంది గానీ, ఆమె నోటి దగ్గర నేను నిలబడలేను. కొత్తగా వచ్చినవాడి తల పట్టుకుని, "ఇదెవరు కత్తిరించారు? మీ గొర్రెలకి ఉన్ని తీసేవాడేనా?" అని అడిగేది. వాడు నవ్వేవాడు, మళ్ళీ నెల తిరక్కుండా వచ్చేవాడు.

టోవెకి పద్దెనిమిదేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి పెద్ద సముద్రంలో చేపల పడవ మీద పని. వెళ్తే వారాల తరబడి రాడు. ఇంట్లో ఎనిమిదేళ్ళ తమ్ముడు ఆస్గర్. ఆర్హుస్ నగరంలో నర్సు చదువుకి చోటు దొరికిన పిల్ల, పెట్టె సర్దుకోకుండా ఆగిపోయింది. వాణ్ణి బడికి పంపింది, రొట్టె మీద లివర్ పేస్టు రాసి డబ్బా కట్టింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది. తరవాత స్ట్రూయర్ నుంచి ఒకాయన పెళ్ళి చేసుకుంటానని తిరిగాడు. తమ్ముడు కాస్త పెద్దవాడయ్యేదాకా ఆగమంది. ఆయన ఆగలేదు. "రైలే నయం, స్టేషన్‌లోనైనా ఆగుతుంది" అని ఆ సంగతిని నవ్వులాటలో కలిపేసేది.

ఆస్గర్ పెరిగి వడ్రంగి అయ్యాడు. తలుపులు, కిటికీలు చేసే కార్ఖానాలో పని. చేతిలో ఎంత పనితనమో నోట్లో అంత పొదుపు. అక్కని పేరుపెట్టి పిలవడు, "కెప్టెన్" అంటాడు. ప్రతి శుక్రవారం ఆమె ఇంట్లో భోజనం. ముప్పై ఎనిమిదో ఏట కార్ఖానా మూతపడింది. ఆ తరవాత మనిషి మెల్లగా లోపలికి ముడుచుకుపోయాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. శుక్రవారాలు రావడం కూడా మానేస్తే, టోవె వేయించిన చేప డబ్బాలో పెట్టి వాడి గుమ్మం ముందు పెట్టి వచ్చేది. మర్నాడు డబ్బా కడిగి సెలూన్ గుమ్మం ముందు ఉండేది. మనిషి కనబడేవాడు కాదు.

అక్టోబరులో ఒక మంగళవారం సైకిలెక్కి వెళ్ళాడు. సైకిలు ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున, చెక్కవంతెన కొసన దొరికింది. వాడు దొరకలేదు. పోలీసులు పడవలతో, కుక్కలతో వెతికారు. నీళ్ళలోకి మనుషుల్ని దింపారు. కొన్నాళ్ళకి, ఇక శవాన్ని నీళ్ళు ఇచ్చినప్పుడే అన్నారు. ఊరు కూడా అదే నమ్మింది. టోవె ఒక్కతే నమ్మలేదు.

"వాడికి నీళ్ళంటే భయం, బోడిల్" అంది నాతో. "నాన్న పడవ రేవులోకి వస్తుంటే దూరం నుంచి చూసి వాంతి చేసుకునేవాడు. చచ్చిపోవాలనుకున్నా సరే, నీళ్ళలోకి మాత్రం దిగడు. సైకిలు అక్కడ పెట్టి నడిచి ఎటో పోయాడు."

"ఎటు?"

"అదే తెలిస్తే నీ జుట్టుకి రంగు వేస్తూ ఎందుకు కూర్చుంటాను?"

సిగ్నె అనే అమ్మాయి ఆ వారమే జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ముప్పై దాటింది, ఇద్దరు పిల్లలు. హోల్‌స్టెబ్రోలో కుర్చీలు, మంచాలు అమ్మే ఒక కంపెనీలో, కొనేవాళ్ళకి ఈమెయిళ్ళు రాయడం ఆమె ఉద్యోగం. టోవె చేతిలో తల పెట్టి అద్దంలోంచి ఆమెనే చూస్తూ అంది:

"ఫేస్‌బుక్‌లో పెట్టింది రేపటికి కిందకి పోతుంది టోవె. ఒక వెబ్‌సైట్ పెడదాం. సాయం చేస్తామన్నవాళ్ళ ఈమెయిల్ చిరునామాలు తీసుకుందాం. అప్పుడు ఏ రోజు కావాలంటే ఆ రోజు అందర్నీ ఒకేసారి పిలవచ్చు."

ఆదివారం కూర్చుని ఆమే తయారుచేసింది. ఆస్గర్ ఫొటో, తప్పిపోయిన వైనం, చిరునామా రాయడానికి ఒక గడి, కింద ఒక బటన్. బటన్ నొక్కితే, "ధన్యవాదాలు. మీ చిరునామా నమోదైంది" అని వస్తుంది. ఆ మాట ఎవరూ రాసింది కాదు, ఆ మెషీన్‌లో ముందే ఉన్నది. పోలీసు కుక్కల ఫొటోలు పేపర్లో పడ్డ వారం కావడంతో జనం వందల్లో చేరారు.

"ఆ ధన్యవాదాలు తీసేద్దాం" అంది సిగ్నె. "అక్కడ ఏం చూపించాలో నువ్వు చెప్పు."

"థాంక్స్ చెప్తే తప్పేంటి? మర్యాద కదా."

"చూడు, నీ గురించి బాధపడి ఒకడు వచ్చాడు, పేరిచ్చాడు. ఆ ఒక్క నిమిషం వాడి మనసు తలుపు తీసి ఉంటుంది. అప్పుడు నువ్వు థాంక్స్ అన్నావనుకో, వాడి పని అయిపోయినట్టే. కాఫీ పెట్టుకుంటాడు. అదే నిమిషంలో చిన్న పని ఒకటి అడిగావనుకో, చేస్తాడు. రేపు అడిగితే చెయ్యడు. మంచాలు అమ్మేవాళ్ళకే తెలిసిన సంగతి ఇది, మనకి తెలియకపోతే ఎలా?"

టోవె తానే రాస్తానంది. సాయంత్రం సెలూన్ మూసి, వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది. వాడెలాంటివాడో జనానికి తెలియాలి, తెలిస్తేనే వెతుకుతారు అని ఆమె పట్టుదల. చిన్నప్పుడు పక్కింటి పిల్లి కాలికి చెక్కముక్క కట్టినవాడని రాసింది. అమ్మ పోయిన రోజు తన కోసం గుడ్డు ఉడకబెట్టాడని రాసింది. రాసి తుడిచేసేది. ఏం రాసినా చనిపోయినవాడి గురించి రాసినట్టే ఉందనేది. పేజీ ఎక్కడిదక్కడే ఉండిపోయింది. సిగ్నె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగడానికి మొహమాటపడింది. నవంబరు వెళ్ళిపోయింది, క్రిస్మస్ దగ్గరికొచ్చింది. అన్నాళ్ళూ పేరిచ్చినవాళ్ళందరికీ ఆ మెషీన్ ధన్యవాదాలు చెబుతూనే ఉంది.

క్రిస్మస్ ముందు టోవె రాత పూర్తిచేసింది. చాలా పొడుగు. చదివినవాళ్ళు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కొందరు కన్నీళ్ళు వచ్చాయని జవాబు రాశారు. జనవరిలో వెతకడానికి రమ్మని అందరికీ ఈమెయిల్ పంపితే, ఆ వందల్లోంచి వచ్చింది పిడికెడు మంది. అందులో సగం మా కుర్చీల్లో కూర్చునేవాళ్ళే.

ఆ రోజు సెలూన్‌లో తడిసిన బూట్లు విప్పుకుంటూ సిగ్నె అసలు మాట అనేసింది.

"వచ్చినవాళ్ళకి నువ్వు ఏడుపు చూపిస్తున్నావు టోవె, పని చూపించడం లేదు. ఏడ్చి వెళ్ళిపోతున్నారు."

టోవె చేతిలో తువ్వాలు బల్ల మీద విసిరింది. "నా తమ్ముడు నీకు మంచమా, అమ్మడానికి?"

"కాదు. అందుకే చెప్తున్నా. ఇంకో మాట, ఆ ఫొటో మార్చాలి."

వెబ్‌సైట్‌లో పెట్టింది ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటో. ఆస్గర్ నున్నగా గీసుకుని, నవ్వుతూ ఉంటాడు. సిగ్నె అడిగేది వేరే ఫొటో. సెప్టెంబరులో ఒకే ఒక్కసారి, డబ్బా పెట్టి వెళ్తూ కంటబడితే, సెలూన్ వెనక గుమ్మం దగ్గర నేను తీసింది. మాసిన గడ్డం, పక్కకి తిప్పుకున్న మొహం, గోధుమరంగు కోటు. ఆ కోటుకి ఊడిన గుండీ స్థానంలో టోవె చేతికి దొరికిన ఆకుపచ్చ గుండీ కుట్టింది.

"ఇందులో వాడు నా తమ్ముడిలా లేడు" అంది టోవె.

"ఇప్పుడు ఇలాగే ఉంటాడు. నవ్వేవాణ్ణి వెతుక్కుంటూ జనం ఇతన్ని దాటి వెళ్ళిపోతారు."

టోవె తువ్వాలు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయింది. చాలా రోజులు సిగ్నె చేసిన ఫోన్ ఎత్తలేదు. తరవాత ఒక పొద్దున కోటు కూడా విప్పకుండా కిటికీ దగ్గర నిలబడి, "ఆ పిల్లని రమ్మను. ఆ ఫొటోయే పెట్టమను" అంది నాతో. అంతకుముందు రాత్రంతా ఆ ఫొటో చూస్తూ ఉందని మొహమే చెబుతోంది.

ఈసారి పేజీ పొట్టిగా అయిపోయింది. పేరిచ్చిన వెంటనే ఫొటో వస్తుంది. దాని కింద: "ఇతను ఆస్గర్. కోటుకి ఒక గుండీ ఆకుపచ్చది. మీకు వేసవి ఇల్లో, పడవ షెడ్డో, కట్టెల కొట్టమో ఉంటే ఈ వారం ఒకసారి తలుపు తీసి లోపల చూడండి. చూశాక మాకు ఒక్క ముక్క రాయండి." అంతే. ధన్యవాదాలు కూడా లేవు.

అప్పుడు మొదలయ్యాయి జవాబులు. "చూశాం. లేడు." "చూశాను. లేడు, క్షమించండి." "చూశాం. ఎలుకలున్నాయి." ఒకావిడ, "చూశాం. మా ఆయన నాలుగేళ్ళ కిందట నేనే పారేశానని తగాదా పెట్టుకున్న రంపం దొరికింది" అని రాసింది. ఆస్గర్ వెళ్ళాక టోవె నవ్వడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఫోన్ తీసి నాకు చదివి వినిపించేది. ప్రతి "లేడు" దగ్గరా ఆమె గొంతు ఒక క్షణం ఆగేది. లేడంటే అక్కడ చచ్చిపడి లేడని కొంచెం ఊరట. లేడంటే ఇంకా దొరకలేదని మళ్ళీ పోటు. వసంతం అలా గడిచింది, వేసవీ గడిచింది. కొత్తగా పేరిచ్చేవాళ్ళు తగ్గారు. ఊరు వేరే మాటల్లో పడింది.

మళ్ళీ అక్టోబరు వచ్చినప్పుడు పేపర్లో చిన్న వార్త పడింది, ఏడాదైనా జాడలేదని. అది చదివి ఇంకొందరు చేరారు. ఆ వారాంతంలో ముసలి గ్రెథె టోవె కుర్చీలో ఉంది. సగం తల కత్తిరించడం అయింది. టోవె ఫోన్ మోగింది. తీసి చూసి, బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి చూసింది.

"ఏమైంది?" అన్నాను.

ఫోన్ నా చేతికిచ్చింది. "చూశాం. కోటు ఉంది. గుండీ ఆకుపచ్చది. మాకు ఫోన్ చేయండి." కింద ఎల్సె అని పేరు, నంబరు.

గ్రెథె లేవబోయింది. "నేను మళ్ళీ వస్తాలే టోవె, నువ్వెళ్ళు."

"కూర్చో" అంది టోవె. "సగం తలతో నిన్ను వీధిలోకి పంపితే నా పేరు పోతుంది."

కత్తిరించడం పూర్తిచేసింది. మెడ మీద వెంట్రుకలు దులిపింది. అద్దం పట్టుకుని వెనక వైపు చూపించింది. గ్రెథె డబ్బు ఇవ్వబోతే వద్దని తల ఊపింది. వెనక గదిలోకి వెళ్ళి, తువ్వాళ్ళ బుట్ట మీద కూలబడింది. ఫోన్ నేనే చేశాను.

ఎల్సె, ఆమె భర్త ఐనార్ విబోర్గ్‌లో ఉంటారు. ఇద్దరూ రిటైరయ్యారు. హుస్బీ దగ్గర, పెద్ద సముద్రం ఒడ్డు ఇసుక దిబ్బల్లో చలికాలమంతా మూసి ఉండే వేసవి ఇల్లు వాళ్ళకి ఒకటుంది. ఎల్సె పేరిచ్చింది, పేజీ చూసింది, మొగుణ్ణి బయల్దేరదీసింది. తలుపు వెనక కొయ్యలకి వాళ్ళ ఇంటిల్లిపాది వాన కోట్లు వేలాడుతుంటాయి. వాటి మధ్య అదీ ఉంది. వేసవంతా పిల్లలు, మనవలు వచ్చిపోయారు. ఎవరికి వాళ్ళు ఇంకెవరిదో కోటు అనుకున్నారు.

కోటు జేబులో ఒక దుకాణం బిల్లు ఉంది. అక్కడికి దగ్గరి ఊరు ఉల్ఫ్‌బోర్గ్‌లో కొన్నది. రై రొట్టె, లివర్ పేస్టు, కాఫీ, కొవ్వొత్తులు. తేదీ డిసెంబరు నడిమధ్యది, వాడు వెళ్ళిపోయిన ఏడాదిదే. పోలీసులు కుక్కల్ని తెచ్చారు. ఇంటి వెనక దిబ్బల మీది పైన్ చెట్ల తోటలో, లోతుగా, ఆస్గర్ దొరికాడు. చలికాలంలోనే పోయాడని డాక్టరు చెప్పాడు. పడుకుని ఉన్నాడట, పక్కకి తిరిగి.

డాక్టరు చెప్పినదాంట్లో టోవె చెవికెక్కింది ఒక్కటే.

"డిసెంబరు దాకా ఉన్నాడు" అంది. "బోడిల్, డిసెంబరు దాకా కాఫీ తాగుతూ ఉన్నాడు."

ఆ మరుసటి వారం ఐనార్ ఒక్కడే మా ఊరు వచ్చాడు. పొడుగాటి మనిషి, టోపీ చేతుల్లో నలుపుకుంటున్నాడు. టోవె ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ పోసింది. నన్ను వెళ్ళొద్దంది.

"ఒక సంగతి మీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను" అన్నాడు. "ఈస్టర్‌కి మేం వెళ్ళినప్పుడు స్నానాల గది తలుపు సులువుగా తెరుచుకుంది. అది ఎన్నో ఏళ్ళుగా బిగుసుకుపోయి, భుజంతో నెట్టాల్సి వచ్చేది. మా అబ్బాయి బాగుచేశాడేమో అనుకున్నాను. కట్టెలు కొత్తగా కొట్టి పేర్చి ఉన్నాయి. కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. నేనే అడగలేదు ఎవర్నీ."

"వాడే" అంది టోవె. "ఊరికే ఉండడు. ఎవరింటికి వెళ్ళినా ఏదో ఒకటి బాగుచేసి వస్తాడు."

ఐనార్ తల దించుకున్నాడు. "అది కాదు నేను చెప్పాలనుకున్నది. ఎల్సె మొన్న పేరిచ్చింది. నేను మొదటి వారంలోనే ఇచ్చాను. పోయినేడు అక్టోబరులో. కుక్కల ఫొటో చూసి జాలేసింది. పేరిస్తే థాంక్స్ అని వచ్చింది. సరే, మనం చెయ్యాల్సింది చేశాం అనుకున్నాను. కంప్యూటర్ మూసి భోజనానికి లేచాను. ఎల్సెకి చెప్పడం కూడా మర్చిపోయాను. తరవాత మీరు పంపిన ఈమెయిళ్ళు తెరవను కూడా లేదు." ఆగాడు. "అప్పుడే నన్ను అడిగి ఉంటే..."

అన్నాక తనేమన్నాడో తనకే తెలిసింది. మొహం ఎర్రబడిపోయింది. "క్షమించండి. నా ఉద్దేశం..."

"తెలుసు" అంది టోవె.

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. టోవె లేచి అతని కప్పులో కాఫీ మళ్ళీ నింపింది.

"మీరు మంచివాళ్ళు" అంది. "అడిగి ఉంటే వెళ్ళేవారు. తలుపు తీసేవారు. వాడు పొయ్యి దగ్గర కూర్చుని ఉండేవాడు."

ఐనార్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. టోవె ఏడవలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే.

ఈ సంగతి సిగ్నెకి నేనే చెప్పాను. సెలూన్ మెట్ల మీద కూర్చుండిపోయింది. "నేనే రాసి పెట్టెయ్యాల్సింది. ఆమెని అడక్కుండా పెట్టెయ్యాల్సింది. బాధలో ఉన్న మనిషికి పని అప్పజెప్పి మర్యాద చేశాననుకున్నాను." టోవె లోపలినుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ భుజాలు ఆనించుకుని రేవు వైపు చూస్తూ చాలాసేపు ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

ఖననం నాడు చర్చి నిండిపోయింది. ముఖం ఎరగని మనుషులు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. బయట వరసగా నిలబడి టోవె చేతిని పట్టుకున్నారు. "మేం మా కొట్టం చూశాం" అన్నాడు ఒకాయన. వెనకావిడ, "మేమూ చూశాం" అంది. అందరికీ ఆమె తల ఊపుతూ ఉంది. నాకు తెలుసు, ఆమె ఆ మొహాల్లో వెతికింది చూసినవాళ్ళని కాదు. మొదటి వారాల్లో చేరి, థాంక్స్ అందుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఎందరున్నారా అని.

వసంతంలో ఐనార్ తాళం చెవి పంపితే, నేనూ టోవె హుస్బీ వెళ్ళాం. నన్ను బయట ఉండమని లోపలికి వెళ్ళింది. గాలి ఇసుకని మోకాళ్ళ దాకా లేపుతోంది. తిరిగి వచ్చి, "వెచ్చగానే ఉంది లోపల" అంది.

వెబ్‌సైట్ తీసేద్దామని సిగ్నె అంటే టోవె వద్దంది. ఆస్గర్ దొరికాడని పేజీలో రాయించింది. తరవాత తరవాత, తమవాళ్ళు తప్పిపోయినవాళ్ళు కొందరు ఆమెకి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఎలా ఓదార్చాలో ఆమెకి తెలియదు, ఓదార్చదు కూడా. ఒకసారి తిస్టెడ్ నుంచి బిర్గిట్ అనే ఆవిడ చేసింది. మతిమరుపుతో ఉన్న తండ్రి పొద్దున్నే ఇంట్లోంచి వెళ్ళిపోయాడట. తండ్రి ఎంత మంచివాడో చెబుతూ ఏడుస్తోంది.

"అదంతా తరవాత రాద్దురుగాని" అంది టోవె. కత్తెర జేబులో పెట్టుకుంది. "ఇప్పుడు ఏ బట్టల్లో ఉన్నాడు? ఆ ఫొటో ఉందా? పేరిచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్పకండి. మీ కారు షెడ్డు చూడండి, మీ పడవ చూడండి, ఇప్పుడే చూడండి అని పెట్టండి. ఈ పూటే. నాతో మాట్లాడటం ఆపి ముందు అది పెట్టండి."

మర్నాడు మధ్యాహ్నం బిర్గిట్ మళ్ళీ ఫోన్ చేసింది. నాలుగు వీధుల అవతల ఒకాయన పేజీ చూసి, తన పడవ మీది టార్పాలిన్ ఎత్తాడట. ముసలాయన కింద పడుకుని ఉన్నాడు, చలికి నీలంగా మారి, బతికి. సూప్ తాగుతున్నాడని చెబుతూ ఆవిడ నవ్వుతోంది, ఏడుస్తోంది. నాకు నా కుర్చీ దాకా వినబడింది.

"చాలా మంచి కబురు" అంది టోవె. "చాలా సంతోషం. ఆయన్ని వెచ్చగా ఉంచండి."

ఫోన్ పెట్టేసింది. కుర్చీలో ఒకావిడ సబ్బు నురగ తలతో ఎదురుచూస్తోంది. టోవె నా వైపు తిరిగింది. ఖననం నాడు కూడా రాని కన్నీళ్ళు ఆమె గడ్డం కిందనుంచి కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"వాళ్ళు అదే రోజు అడిగారు, బోడిల్" అంది.

ఆమె వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను నీళ్ళు వెచ్చగా ఉన్నాయో లేదో చేత్తో చూసి, ఆవిడ తల కడగడం మొదలుపెట్టాను.